రెండో తాళంచెవి ఎవరి చేతిలో?
సింగపూర్ అధ్యక్షుడి అధికారాలు ఎలా మారాయి, వాటితో మనకేంటి పని

2023 సెప్టెంబరు 1, శుక్రవారం. ఆ రోజు సింగపూర్‌లో అధ్యక్ష ఎన్నిక. పోలింగ్ రోజు కాబట్టి పబ్లిక్ హాలిడే, మా సైటు మూసేశారు. ఓటు లేని మనబోటి వాళ్ళకి బట్టలు ఉతుక్కోడానికి, ఇంటికి ఫోన్ చేసుకోడానికి దొరికిన రోజు.

మధ్యాహ్నం మా వాళ్లుండే డార్మిటరీకి వెళ్ళాం. కరీంనగర్ వైపు తమ్ముడొకడు అడిగాడు. "అన్నా, తర్మన్ గెలుస్తడంటున్నరు. ఆయన మనోడే గదా. గెలిస్తె లెవీ తగ్గిస్తడా?" పక్కనే ఉల్లిపాయలు కోస్తున్న శ్రీకాకుళం కుర్రాడు నవ్వాడు. "లెవీ సంగతి తర్వాత, ముందు అందరికీ జీతం టైముకి ఇప్పిస్తే అదే పదివేలు."

ఆ రాత్రికే ఫలితం తేలింది. తర్మన్ షణ్ముగరత్నం 70.4 శాతం ఓట్లతో గెలిచారు. మన తమ్ముళ్ళు చప్పట్లు కొట్టారు. కానీ ఆ రెండు ప్రశ్నలు మాత్రం మా నలుగురు సూపర్‌వైజర్లనీ వదల్లేదు. మేము సివిల్ డిప్లొమా చదివిన వాళ్ళమే గానీ రాజ్యాంగం చదివిన వాళ్ళం కాదు. అయినా డ్రాయింగు చదవడం వచ్చినవాడికి రాజ్యాంగం కూడా ఒక డ్రాయింగు లాంటిదే. ఏ స్తంభం ఎంత బరువు మోస్తోంది, ఏది ఊరికే అందం కోసం నిలబెట్టారు అని చూసుకుంటే సగం అర్థమవుతుంది. ఆ చూపుతోనే ఈ నాలుగు మాటలు.

ఒకే పదవికి రెండు పేర్లు

ముందు మన తెలుగులోనే ఒక చిక్కుంది. ఇంగ్లీషులో ప్రెసిడెంటు అనే ఒక్క మాటకి మన పేపర్లలో రెండు మాటలున్నాయి. ఢిల్లీలో ఉండే ఆయన రాష్ట్రపతి. అమెరికాలో, శ్రీలంకలో ఉండే ఆయన అధ్యక్షుడు. రాష్ట్రపతి అంటే మంత్రివర్గం చెప్పినట్టు సంతకం పెట్టే పెద్దమనిషి. అధ్యక్షుడంటే స్వయంగా ప్రభుత్వం నడిపే నాయకుడు. సింగపూర్ ఆయనకి ఈ రెండు మాటల్లో ఏదీ పూర్తిగా సరిపోదు. మొదట్లో అచ్చం మన రాష్ట్రపతిలాగే ఉండేవారు. 1991 తర్వాత జనం ఓట్లతో వచ్చే అధ్యక్షుడయ్యారు. కానీ ప్రభుత్వం నడిపేది ఇప్పటికీ ప్రధానమంత్రే.

1965 ఆగస్టు 9న సింగపూర్ విడి దేశమైనప్పుడు మొదటి అధ్యక్షుడు యూసఫ్ బిన్ ఇషాక్. మనం నెలనెలా లెక్కపెట్టుకునే డాలరు నోట్ల మీద బొమ్మ ఆయనదే. ఆ తర్వాత బెంజమిన్ షియర్స్, మలయాళీ మూలాలున్న దేవన్ నాయర్, వీ కిమ్ వీ. వీళ్ళందరినీ ఎన్నుకున్నది పార్లమెంటు. పదవీకాలం నాలుగేళ్ళు. చేసే పని దాదాపు అంతా మంత్రివర్గం సలహా మీదే. జనం ఓటూ లేదు, సొంతంగా "కాదు" అనే హక్కూ లేదు.

లాకరుకి రెండో తాళంచెవి

1984లో అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ కొత్త ఆలోచన బయటపెట్టారు. ఆయన భయమేమిటంటే, ఈ చిన్న దేశానికి గనుల్లేవు, నూనె బావుల్లేవు. ఉన్నదల్లా కూడబెట్టిన సొమ్ము. రేపు ఓట్ల కోసం ఏదో ఒక ప్రభుత్వం వచ్చి అయిదేళ్ళలో అంతా పంచిపెట్టేస్తే? కాబట్టి ఆ సొమ్ముకి కాపలాగా జనం ఎన్నుకున్న మనిషి ఒకరుండాలి.

1988లో, 1990లో శ్వేతపత్రాలు వచ్చాయి. 1991 జనవరిలో రాజ్యాంగాన్ని సవరించారు. అదే ఏడాది నవంబరు 30 నుంచి అమల్లోకి తెచ్చారు. దీనికి ఇక్కడ అందరూ వాడే పోలిక రెండు తాళంచెవులు. మన ఊళ్ళో బ్యాంకు లాకరు ఎలా తెరుస్తారో గుర్తుందా? ఒక తాళంచెవి మనదగ్గర, ఒకటి మేనేజరు దగ్గర. రెండూ తిప్పితేనే తలుపు తెరుచుకుంటుంది. సైట్లో పర్మిట్ టు వర్క్ కూడా ఇంతే కదా. ఎత్తు మీద పని మొదలుపెట్టాలంటే మేము అడిగితే చాలదు, సేఫ్టీ వాళ్ళు చూడాలి, పైవాళ్ళు సంతకం పెట్టాలి.

ఈ కొత్త ఏర్పాటులో అధ్యక్షుడికి వచ్చిన అధికారాలు ముఖ్యంగా ఇవి.

ఒకటి, పాత నిల్వలు. అంటే ఇప్పటి ప్రభుత్వం తన పదవీకాలంలో మిగిల్చింది కాదు, అంతకుముందు ప్రభుత్వాలు మిగిల్చి వెళ్ళింది. దాన్ని ముట్టుకోవాలంటే అధ్యక్షుడు ఒప్పుకోవాలి.

రెండు, పెద్ద నియామకాలు. ప్రధాన న్యాయమూర్తి, అటార్నీ జనరల్, సైన్యాధిపతి, పోలీసు కమిషనరు వంటి పదవులకి ప్రభుత్వం చెప్పిన పేరుని ఆయన కాదనవచ్చు. తన సొంత మనిషిని మాత్రం పెట్టలేరు.

మూడు, అవినీతి కేసులు. అవినీతి నిరోధక సంస్థ దర్యాప్తుకి ప్రధాని అడ్డు చెప్పినా, అధ్యక్షుడు సరేనంటే దర్యాప్తు సాగించవచ్చు.

నాలుగు, విచారణ లేకుండా నిర్బంధించే అంతర్గత భద్రతా చట్టం. సలహా బోర్డు విడుదల చేయమని చెప్పి ప్రభుత్వం వద్దంటే, నిర్బంధం కొనసాగాలంటే అధ్యక్షుడి సమ్మతి కావాలి.

వీటిలో ప్రతిదాన్నీ జాగ్రత్తగా చూడండి. అన్నీ ఆపే అధికారాలే. చేసే అధికారం ఒక్కటీ లేదు. అధ్యక్షుడు లాకరు మూసి ఉంచగలరు గానీ, తెరిచి ఎవరికీ ఏదీ ఇవ్వలేరు. మన తమ్ముడి లెవీ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది.

లాకర్లో ఏముందని అడిగిన మనిషి

1993 ఆగస్టులో జనం తొలిసారి అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నారు. అంతకుముందు ఉపప్రధానిగా ఉన్న ఓంగ్ టెంగ్ చియాంగ్ 58.7 శాతం ఓట్లతో గెలిచారు. ఆయన తన పనిని మాటవరసకి తీసుకోలేదు. కాపలా కాయమన్నారు, సరే, కాపలా కాయాల్సిన ఆస్తులేమిటో జాబితా ఇవ్వండి అని అడిగారు. ప్రభుత్వ భూములు, భవనాలు అన్నిటికీ విలువ కట్టి లెక్క తేల్చాలంటే 56 మంది ఒక ఏడాది పనిచేసినంత శ్రమ అవుతుందని జవాబు వచ్చింది.

సైట్లో స్టోర్ కీపరుని పెట్టి, స్టాకు రిజిస్టరు మాత్రం ఇవ్వకపోతే ఎలా ఉంటుంది? రేపు ఇనుము తగ్గితే అతను ఏమని చెబుతాడు? ఓంగ్ గారి పరిస్థితి దాదాపు అదే. 1998లో పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకుని డీబీఎస్‌కి అమ్ముతున్న సంగతి తనకి పేపర్లో చూశాకే తెలిసిందని ఆయన తర్వాత చెప్పారు. అప్పటికి ఆ బ్యాంకు ప్రభుత్వ సంస్థ, దాని నిల్వలకి కాపలా ఆయనే. మనలో చాలామందికి జీతం పడే పీఓఎస్‌బీ అకౌంటు ఆ బ్యాంకుదే.

ఈలోగా 1995లో ఇంకో ముడి పడింది. తన అధికారాలని మార్చే సవరణని అధ్యక్షుడు అడ్డుకోగలరా అన్న ప్రశ్న ప్రత్యేక రాజ్యాంగ ట్రిబ్యునల్‌ ముందుకి వెళ్ళింది. అధ్యక్షుడికి రక్షణగా రాసిన నిబంధనని ప్రభుత్వం అప్పటికింకా అమల్లోకే తేలేదు. ఆ పరిస్థితుల్లో ఆపలేరు అని ట్రిబ్యునల్ తేల్చింది. అంటే కాపలాదారు చేతికి తాళంచెవి ఇచ్చారు గానీ, ఆ తాళాన్నే మార్చేస్తే ఆపే హక్కు ఇవ్వలేదన్నమాట.

1999లో ఓంగ్ విలేకరుల ముందుకి వచ్చి తన ఇబ్బందులన్నీ చెప్పి, మళ్ళీ పోటీ చేయకుండా తప్పుకున్నారు. ప్రభుత్వం కూడా పార్లమెంటులో తన వాదన వినిపించింది. నిల్వల లెక్క ఎలా చూడాలో ఒక శ్వేతపత్రం పెట్టింది. ఎవరిది ఎంత తప్పన్నది పక్కన పెడితే, పదవిని కాగితం మీద సృష్టించడం వేరు, దాన్ని నడవనివ్వడం వేరు అని ఆ ఆరేళ్ళూ చూపించాయి.

తాళం తిరిగిన రోజులు

ఓంగ్ తర్వాత తమిళ మూలాలున్న ఎస్.ఆర్. నాథన్ వచ్చారు. 1999లోనూ, 2005లోనూ పోటీయే లేకుండా ఎన్నికయ్యారు. మనకీ 1977లో నీలం సంజీవరెడ్డి గారు ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు కదా, అలా. జనం ఓటుతో ఎన్నుకునే పదవి అని మార్చిన తర్వాత పన్నెండేళ్ళపాటు జనం ఓటే వేయలేదు.

అయితే తాళం మొదటిసారి తిరిగింది ఆయన హయాంలోనే. 2008 చివర్లో అమెరికాలో బ్యాంకులు కూలి, ఆ దెబ్బ ఇక్కడికీ తగిలింది. 2009 జనవరిలో 490 కోట్ల డాలర్ల పాత నిల్వలు వాడుకోడానికి నాథన్ ఒప్పుకున్నారు. యజమానులు జీతాలివ్వడానికి సాయం, అప్పులకి పూచీ, ఈ రెండిటికీ ఆ సొమ్ము. చివరికి వాడింది సుమారు 400 కోట్లు. దాన్ని 2011లో తిరిగి జమ కూడా చేశారు. జీతాల సాయం లెక్కగట్టింది సీపీఎఫ్ ఉన్న ఉద్యోగుల మీదే కాబట్టి, సీపీఎఫ్ లేని మన పేరు ఆ లెక్కలో లేదు. కానీ కంపెనీ నిలబడితేనే మన పర్మిటు నిలబడుతుంది.

రెండోసారి తిరిగింది 2020లో. ఈ ముచ్చట మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఏప్రిల్ నుంచి నెలల తరబడి డార్మిటరీ గేట్లు దాటలేదు. మూడు లక్షలకి పైగా మనుషులం ఇరుకు గదుల్లో, రేపు ఎవరికి పాజిటివ్ వస్తుందో అని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం. ఆ ఏడాది డిసెంబరు నాటికి డార్మిటరీల్లో దాదాపు సగం మందికి జబ్బు సోకిపోయిందని ప్రభుత్వమే చెప్పింది.

అప్పుడు అధ్యక్షురాలు హలీమా యాకోబ్. ఆ ఒక్క ఏడాదికే 5,200 కోట్ల డాలర్ల దాకా పాత నిల్వలు వాడుకోడానికి ఆమె సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. మూడేళ్ళలో చివరికి వాడింది సుమారు 4,000 కోట్లు. ఆ సొమ్ము తోడుగా నడిచిన ప్యాకేజీల్లోనే 2020 ఏప్రిల్ నెల లెవీ మాఫీ, ఒక్కో పర్మిటుకి 750 డాలర్ల వాపసు కూడా వచ్చాయి. అయితే అవి వచ్చింది యజమానికి, మన చేతికి కాదు. ఆ డబ్బుతో పనివాళ్ళకి జీతం సక్రమంగా ఇచ్చినవాళ్ళూ ఉన్నారు, కోసినవాళ్ళూ ఉన్నారు. అధ్యక్షురాలి తాళంచెవి లాకరు తలుపు దాకానే. బయటికొచ్చిన సొమ్ము ఎవరి జేబులోకి ఎంత వెళ్ళిందో చూడటం ఆ తాళంచెవి పని కాదు.

ఇంకో మాట. పెద్ద తలుపు అరుదుగా తెరుచుకుంటుంది గానీ, పక్కన చిన్న కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నిల్వల పెట్టుబడి మీద దీర్ఘకాలంలో వస్తుందనుకునే రాబడిలో సగం దాకా ఏటా బడ్జెట్‌లో వాడుకోడానికి 2008లో రాజ్యాంగాన్ని సవరించారు. అసలు ముట్టకుండా వడ్డీ తిన్నట్టు. ఈనాడు ఈ దేశం బడ్జెట్‌కి అది చాలా పెద్ద ఆధారం.

తలుపు దగ్గర నిలబడటానికి ఎవరు అర్హులు

2011లో టోనీ టాన్ 35.2 శాతం ఓట్లతో గెలిచారు. రెండో స్థానంలో ఉన్న టాన్ చెంగ్ బోక్‌కి 34.85 శాతం. తేడా ఏడు వేల పైచిలుకు ఓట్లు. అంత గట్టి పోటీ జరిగిన అయిదేళ్ళకి, 2016 నవంబరులో, రాజ్యాంగాన్ని మళ్ళీ సవరించారు. ప్రధాన న్యాయమూర్తి సుందరేశ్ మీనన్ నాయకత్వంలోని కమిషన్ సిఫార్సుల తర్వాత ఇది జరిగింది.

ప్రైవేటు కంపెనీ నుంచి వచ్చే అభ్యర్థికి అంతకుముందు 10 కోట్ల డాలర్ల మూలధనమున్న కంపెనీని నడిపిన అనుభవం చాలు. ఇప్పుడు 50 కోట్ల వాటాదారుల సొమ్మున్న కంపెనీ కావాలి. సలహా మండలిలో సభ్యుల సంఖ్యని ఆరు నుంచి ఎనిమిదికి పెంచారు. మండలి మాట కాదని అధ్యక్షుడు వీటో చేస్తే, పార్లమెంటు మూడింట రెండొంతుల మెజారిటీతో దాన్ని కొట్టేయవచ్చు. ఒక జాతివాళ్ళు వరసగా అయిదు దఫాలు అధ్యక్షులు కాకపోతే, తర్వాతి ఎన్నిక వాళ్ళకి రిజర్వు.

ఆ ప్రకారం 2017 ఎన్నిక మలయ్ జాతివారికి రిజర్వయింది. అర్హతలు సరిపోయింది హలీమా ఒక్కరికే. ఓటింగు లేకుండానే ఆమె అధ్యక్షురాలయ్యారు. దీనిమీద ఇక్కడ రెండు అభిప్రాయాలున్నాయి. చిన్న జాతులకి కూడా అత్యున్నత పదవి దక్కాలంటే ఇలాంటి ఏర్పాటు ఉండాలన్నది ఒకటి. పోటీని ముందే వడగట్టారన్నది రెండోది. రిజర్వేషన్ల వాదనలు వింటూ పెరిగిన మనకి ఈ రెండు పక్షాలూ కొత్తవి కావు.

మాకు మాత్రం ఇంకో సంగతి పెద్దదిగా కనిపిస్తోంది. ఓంగ్, టోనీ టాన్ ఇద్దరూ ఉపప్రధానులుగా చేసినవాళ్ళు. హలీమా పార్లమెంటు స్పీకరు. తర్మన్ సంగతి మరీ విచిత్రం. 2009లో నిల్వలు అడిగిన బడ్జెట్ పెట్టిన ఆర్థికమంత్రి ఆయనే. అంటే అప్పుడు మొదటి తాళంచెవి పట్టుకున్న మనిషే ఇప్పుడు రెండోది పట్టుకున్నారు. లాకరు గురించి ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదన్నది నిజమే. మొన్నటిదాకా ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళు ఒకరినొకరు "కాదు" అనగలరా అన్న అనుమానమూ సహజమే. ఆ అనుమానం తీరేది ఏదో ఒక రోజు ఆ "కాదు" అనాల్సిన సందర్భం వచ్చినప్పుడే.

ఇక తమ్ముడి ప్రశ్న. 2010 బడ్జెట్‌లో విదేశీ కార్మికుల లెవీని దఫదఫాలుగా పెంచుతామని ప్రకటించిన ఆర్థికమంత్రి కూడా తర్మనే. "మనోడు" లెవీ పెంచగలిగింది మంత్రిగా. అధ్యక్షుడిగా తగ్గించాలనుకున్నా ఆ అధికారం ఆయనకి లేదు. చేతిలో పని ఉన్న కుర్చీ అది, పని ఆపగలిగే కుర్చీ ఇది. మనిషి ఒక్కరే, కుర్చీ వేరు.

క్షమాభిక్ష కూడా సొంత నిర్ణయం కాదు

మన వాళ్ళలో గట్టిగా పాతుకుపోయిన నమ్మకం ఇంకొకటుంది. ఎంత పెద్ద శిక్ష పడినా చివరికి అధ్యక్షుడికి దండం పెట్టుకుంటే వదిలేస్తారని. క్షమాభిక్ష అధికారం అధ్యక్షుడి పేరుమీద ఉన్న మాట నిజం. కానీ అందులో ఆయన మంత్రివర్గం సలహా ప్రకారమే నడవాలని ఇక్కడి అత్యున్నత న్యాయస్థానం 2011లో స్పష్టం చేసింది. ఢిల్లీలో రాష్ట్రపతి క్షమాభిక్ష కూడా మంత్రివర్గం సలహా మీదే. 1976లో 42వ సవరణ మంత్రివర్గం సలహాకి రాష్ట్రపతి కట్టుబడాలని రాసేసింది. 1978లో 44వ సవరణ ఒక్కసారి వెనక్కి పంపి మళ్ళీ ఆలోచించమనే వీలు ఇచ్చింది. అంతే.

ఇక్కడ 1998 తర్వాత మరణశిక్షని అధ్యక్షుడు తగ్గించింది మళ్ళీ 2025 ఆగస్టులోనే. మధ్యలో 27 ఏళ్ళు. 15 గ్రాములకి మించి హెరాయిన్ తరలిస్తూ దొరికితే ఉరి దాకా పోయే దేశమిది. కాబట్టి ఊరి నుంచి వస్తూ, తెలియని వాళ్ళ పార్సిలు "పచ్చడి సీసానే అన్నా" అని ఇస్తే తీసుకోకండి. సీలు వేసిన పెట్టెకి క్షమాభిక్ష నమ్ముకోవద్దు.

మరి మన ప్రశ్న ఎవరికి వేయాలి

లెవీ అన్నది యజమాని కట్టాల్సింది. దాన్ని మన జీతంలోంచి కోయడం చట్టప్రకారం నేరం. జీతం ఆగితే అధ్యక్షుడికి ఉత్తరం రాయడం కాదు, మానవ వనరుల మంత్రిత్వ శాఖకి వెళ్ళాలి. అక్కడ మధ్యవర్తిత్వం, అది కుదరకపోతే 2017 నుంచి ఉన్న ఉపాధి క్లెయిముల ట్రిబ్యునల్. ఉద్యోగం వదిలేసిన వాళ్ళు ఆరు నెలలు దాటనివ్వకూడదు. జీతం చీటీలు, టైమ్ కార్డులు ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోండి. మేము చూసినంతలో, కాగితం ఉన్నవాడికి దారి దొరికింది. కాగితం లేనివాడు ఎంత న్యాయంగా ఉన్నా ఇబ్బంది పడ్డాడు.

శ్రీకాకుళం కుర్రాడి మాటలోనే ఈ వ్యాసం సారమంతా ఉంది. దేశం సొమ్ముకి రెండు తాళాలు వేసుకున్నారు, బాగానే ఉంది. ఒక మంత్రి తొందరపడితే ఆపడానికి ఒక మనిషిని పెట్టుకున్నారు, ఆ మనిషి పొరపడితే సరిదిద్దడానికి పార్లమెంటుని పెట్టుకున్నారు. ముప్పై ఏళ్ళకి పైగా ఆ తాళాన్ని మారుస్తూ, నూనె రాస్తూ, బిగిస్తూ వచ్చారు. కార్మికుడి నెల జీతానికి మాత్రం తాళంచెవి ఒక్కటే, అదీ యజమాని దగ్గరే. రెండోది మన దగ్గరుండే కాగితం. దాన్ని పారేసుకోవద్దు.

తర్మన్ గారి పదవీకాలం 2029 దాకా. ఆ ఎన్నికకి కూడా మనకి ఓటుండదు. అప్పటికి మనలో ఎంతమంది ఇక్కడే ఉంటామో, ఎంతమంది ఇల్లు కట్టుకుని ఊరెళ్ళిపోతామో. ఉన్నంతకాలం ఈ దేశంలో తలుపులు కట్టేది మనమే. ఏ తలుపుకి ఏ తాళంచెవో తెలిసి ఉండటం మన పనికీ మంచిది, మన బతుకుకీ మంచిది.